అంత్యప్రాసకు ఉదాహరణ

రఘునందన్ డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాడు. ఆయనని ఎవరూ ఎక్కడికీ కారు పంపి పిలిపించుకున్న పాపాన పోలేదు. అందుకే ఫిల్మ్ నగర్ నుంచి మోతీనగర్ గల్లీలోకి కారొచ్చి ఆగిన రోజు తల్లి బాలమణి ఇంటింటికీ వెళ్లి చెప్పుకుంది.

డైరెక్టర్ అద్వైత్ తీస్తున్న సినిమాలో హీరో తెలుగు మాస్టారు. అలంకారాలంటే ఏమిటో తన రచయితలకు తేలిగ్గా చెప్పమన్నాడు. రఘునందన్ ప్రాస, యమకం, శ్లేష ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. పద్యాలు చదివితే ఆవలించారు.

అప్పుడాయన నోటికి ఆ మాటలొచ్చాయి.

"చెప్పులు గీడ ఇడిస్తివి, చెప్పకుంట నడిస్తివి."

అందరూ తలలెత్తారు.

"'గీడ' అంటే ఇక్కడ. మొదట 'చెప్పు' రెండుసార్లు, రెండర్థాల్లో. అది యమకం. చివర ఇడిస్తివి, నడిస్తివి. అంత్యప్రాస," అన్నాడు రఘునందన్.

"యాస భలే ఉంది సార్," అన్నాడు అద్వైత్.

"యాస అంటే పలికే తీరు మాత్రమేనండీ. ఇది మాండలికం. దీనికి పదాలున్నాయి, వ్యాకరణం ఉంది."

"ఎవరి మాటలు సార్?"

తండ్రి బాలనర్సయ్య శవం మీద పడి తల్లి ఏడ్చిన ఏడుపు అది. ఆ చల్లటి గదిలో, ఆ మర్యాద మాటల మధ్య, ఆ సంగతి చెప్పడానికి ఆయనకు నామోషీ అనిపించింది.

"ఎవరో పల్లెటూరి ఆవిడ. ఎక్కడో విన్నాను," అన్నాడు.

సినిమా వచ్చింది. తెర మీద 'భాషా సహకారం' కింద కొడుకు పేరు పడగానే బాలమణి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. అరగంట తర్వాత, హీరో ఇంటి పనిమనిషి దగ్గరికి ప్రియుడొచ్చాడు. మొగుడు తలుపు కొట్టేసరికి చెప్పులొదిలేసి గోడ దూకాడు. పనిమనిషి ఆ చెప్పులు గుండెకు హత్తుకుని, "చెప్పులు గీడ ఇడిస్తివి..." అని రాగం తీసింది. హాలంతా విరగబడి నవ్వింది.

బాలమణి చెయ్యి తీసేసుకుంది. ఇల్లు చేరగానే లోపలికెళ్లిపోయింది.

రఘునందన్ ఇంటి ముందర నిలబడి అద్వైత్‌కు ఫోన్ చేశాడు.

"అది మా అమ్మ ఏడుపండీ. మా నాన్న పోయినప్పటిది."



"అయ్యో. కానీ మీరే కదా సార్, ఎవరో పల్లెటూరి ఆవిడ అన్నారు? తెలిస్తే వాడేవాణ్ణి కాదు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. గడపలో తల్లి నిలబడి ఉంది. ఆ ఫోన్‌లో మాటలు పక్కింటికి కూడా వినబడతాయి.

"నన్ను ఎవరో అన్నవా బిడ్డా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"గాళ్లు నవ్విండ్రంటే గాళ్లకు ఎరుక లేదు. నీకు ఎరుకనే గద," అని బాలమణి లోపలికెళ్లి అన్నం వడ్డించింది. ఆ పూట కొడుకుతో కలిసి తినలేదు.