లైటు సరిగ్గ పట్టు

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. బొగ్గు గనిలో రాత్రి డ్యూటీ దిగొచ్చి, ఓ కునుకు తీసి లేచి, ముందుగదిలో కుర్చీలో కాళ్లు చాపుకున్న పెద్దబాపు సదానందం. ఆయన్ని పలకరించి పోదామని వచ్చి, మటన్ వాసనకు కూలబడిపోయిన నర్సింగం కాక. వంటింట్లో పొయ్యి దగ్గర పెద్దమ్మ జమున. నాలుగోది సంతోషి. నలుగురిలో నిలబడి ఉన్నది ఇద్దరే.

సంతోషి ఊరు ఏరు దాటి, జైపూర్ అవతలి పల్లె. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చాక, రెండేళ్ల కింద గోదావరిఖనిలో పెద్దబాపు క్వార్టర్‌కి వచ్చింది. "ఇంట్ల పిల్ల లెక్కనే ఉంటది తమ్మీ, మీ వదినెకు ఇంత ఆసరైతది" అన్నాడు పెద్దబాపు ఆమె తండ్రితో. ఆ 'ఇంత' ఎంతో అప్పుడు ఎవరూ చెప్పలేదు. తెల్లారకముందే లేచి డబ్బా కట్టడం, నల్లా వచ్చినప్పుడు డ్రమ్ములు నింపడం, బొగ్గు మసి పట్టిన డ్యూటీ బట్టల్ని విడిగా నానబెట్టి మూడు నీళ్లలో జాడించడం, ఎవరొస్తే వాళ్లకు చాయ్. "ఇంట్ల ఏం పని చేస్తవ్ బిడ్డా?" అని అడిగితే "ఏం లేదు, సదువుకుంటున్న" అని తనే చెబుతుంది. అట్లా చెప్పడం ఎప్పుడు అలవాటైందో ఆమెకే గుర్తులేదు.

ప్రాజెక్టు కోసం ఆమె ఒక ఇల్లు గీసింది. సోమవారం పది గంటలకు దాన్ని అన్ని వైపులా తిప్పి చూపించాలి. ఆ ఇంట్లో వంటగదికి రెండు కిటికీలు పెట్టింది. నిలబడ్డ మనిషి ముఖానికి గాలి తగిలే ఎత్తులో పెట్టింది. ఏదో ఆఫీసువాళ్లు పాతవి అమ్మేస్తుంటే పెద్దబాపు కొనుక్కొచ్చిన సన్నటి పెట్టె కంప్యూటర్ మీద ఆ ఇల్లు మాత్రం తిరగదు. సగం తిరిగి బిగుసుకుపోతుంది. సంగతి విని కాలేజీలో హన్నా మేడం, బొమ్మలు ఆగకుండా తిరిగేలా చేసే గ్రాఫిక్స్ కార్డు తన దగ్గరుంటే చేతిలో పెట్టింది. "ఇది పెద్ద కంప్యూటర్‌ల ఉండె సంతోషీ, అందుకే దీని అంచుకు పొడుగు ఇనుప పట్టీ ఉన్నది. నీదాంట్ల పట్టదు. చిన్న పట్టీ ఈ కవర్ల ఉంది. రెండు స్క్రూలు ఇప్పి ఇది బిగించు, అంతే. నువ్వే చెయ్యి, ఎవ్వర్నీ అడగకు" అంది. 'నువ్వే చెయ్యి' అని తనకెవరూ ఎన్నడూ చెప్పలేదు. గిన్నెలు కడగడానికి ఆ మాట అక్కర్లేదు కదా.

పెద్దబాపు నిద్రలో ఉండగానే బిగిద్దామనుకుంది. కానీ డ్యూటీ బట్టలు నానిపోయి ఉన్నాయి, తర్వాత అల్లం వెల్లుల్లి దంచాల్సి వచ్చింది. తీరా కంప్యూటర్ మూత విప్పి స్క్రూడ్రైవర్ పట్టుకునేసరికి ఇద్దరు మగవాళ్లూ బల్ల దగ్గరికి వచ్చేశారు.

"ఇటు తే. నీకెందుకు గివన్ని? ముప్పై ఏండ్ల సంది ఫిట్టర్‌ను" అని పెద్దబాపు స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు.

"పెద్దబాపు, దీనికి చిన్న పట్టీ వేరే ఉన్నది. ముందుగాల అది..."

"ముందుగాల చాయ్ పట్కరా పో."

వంటింట్లోకి పోయి చాయ్ పెట్టింది. పిడికిట్లో ఉన్న పట్టీని పెద్దమ్మకు చూపించింది. పెద్దమ్మ తడిచెయ్యి చీరకు తుడుచుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చింది. "గిదా? వేలంత లేదు గదనే. నాకు చూపిస్తె ఏమైతది, ఆయనకు చెప్పు" అంది.

చాయ్ ఇచ్చేసరికి కార్డు లోపల కూర్చుంది. పొడుగు పట్టీ మాత్రం పెట్టె అంచు దాటి రెండు వేళ్ల మేర పైకి నిలబడింది. మూత పడటం లేదు.

"పెద్దబాపు, ఆ పట్టీ ఇప్పేసి..."

నర్సింగం కాక పకపకా నవ్వాడు. "ఇండ్లు కట్టే సదువు సదివేటోళ్లు ఫిట్టర్‌కు పని నేర్పుతాన్రు సదన్నా! గిన్ని దినాలు నువ్వు గనిల ఏం పీకినట్టు?"

పెద్దబాపు నవ్వలేదు. బ్యాగులోంచి హ్యాక్సా బ్లేడు, ఆకురాయి తీశాడు. "కోసేస్తె ఒడిసిపాయె. సంతోషీ, సెల్లు లైటు కొట్టు."

"కార్డు బయటికి తీసి కోద్దామా అన్నా?" అన్నాడు కాక, కొంచెం అనుమానంగా.

"లోపట పైపు కొయ్యాల్నంటె పీకి పైకి తెచ్చి కోస్తమా? ఉన్నకాడనే కోస్తం. తెల్వదా నీకు?"

అది నిజమే. గనిలో పైపు ఎక్కడ అడ్డమొస్తే అక్కడే కోస్తారు, రజను నేల మీద పడుతుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. ఇక్కడ పట్టీ కింద నేల లేదు. సంతోషి పట్టిన లైటులో, బ్లేడు ముందుకూ వెనక్కూ కదిలినప్పుడల్లా ఇనుప రజను సన్నగా మెరుస్తూ కింద కంప్యూటర్ పచ్చ పలక మీద, సూదిమొనల్లాంటి టంకాల మధ్య రాలుతోంది. ఒక్కొక్కటీ కనిపిస్తోంది. గదిలో అది కనిపించేది తనకొక్కదానికే, లైటు తన చేతిలో ఉంది, వాళ్ల చూపు బ్లేడు మీద ఉంది. గొంతులో మాట ఉంది. తప్పు చెబుతున్నానేమో, పెద్దవాళ్లకు తెలియదా, తెలిసే చేస్తున్నారేమో. అదే తెలివి ఆమెకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. అయినా అంది.

"పెద్దబాపు, లోపట రజను పడుతాంది. కరెంట్ పెడితె కాలిపోతదేమో."

"నువ్వు లైటు సరిగ్గ పట్టు."

ఆమె లైటు సరిగ్గా పట్టింది.

కోయడం అయ్యాక ఆకురాయితో అంచు నున్నగా రాశాడు, ఓ ఊపు ఊదాడు, మూత బిగించాడు. మూత చక్కగా పట్టింది. "చూసినవా?" అన్నాడు. ప్లగ్ పెట్టి బటన్ నొక్కాడు.

టప్‌మని చిన్న చప్పుడు. కాలిన వాసన వంటింటి దాకా పోయింది. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు.

"కార్డే ఖరాబ్‌ది" అన్నాడు పెద్దబాపు. "పడేసేదాన్ని ఆ మేడం గీ పిల్లకు అంటగట్టింది. మంచిగున్న కంప్యూటర్ పాయె."

తను గీసిన ఇల్లు అందులోనే ఉంది. రేపు పది గంటలకు ఏం చూపించాలి? కార్డు అడిగితే మేడంకి ఏమని చెప్పాలి? సంతోషి పిడికిలి విప్పింది. చాయ్ ఇచ్చినప్పుడూ, లైటు పట్టినప్పుడూ ఎడమచేతిలో బిగించుకునే ఉండటంతో పట్టీ అచ్చు అరచేతిలో ఎర్రగా దిగింది. దాన్ని బల్ల మీద పెట్టింది. సన్నటి ఆ పెట్టెకు సరిగ్గా సరిపోయే పట్టీ అని ఫిట్టర్‌కు వేరే చెప్పక్కర్లేదు. పెద్దబాపు దాన్ని చూశాడు. మెడ మీది నరం లేచింది.

"గిది ఉన్నదని ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

నర్సింగం కాక ఖాళీ గ్లాసులోకి చూశాడు.

"చెప్పిన పెద్దబాపు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పట్టీ సంగతి రెండుసార్లు చెప్పబోయిన. రజను పడుతాందని చెప్పిన. పెద్దమ్మకు చూపెట్టిన గూడ. అడుగు."

పెద్దమ్మ గరిటెతో గడప దగ్గరే నిలబడి ఉంది. అందరూ ఆమె వైపు తిరిగారు. పెద్దమ్మ పట్టీని చూసింది, సంతోషిని చూసింది, తర్వాత మొగుడి మెడను చూసింది.

"నాకేం ఎరుక? నేను పొయ్యికాడ ఉంటి" అంది.

గరిటె పక్కన పెట్టి వచ్చి, సంతోషి భుజం పట్టుకుని వాకిట్లోకి నడిపించింది. ఆ పట్టులో కోపం లేదు. "ఆయన కోపం దిగేదాక లోపటికి రాకు బిడ్డా" అంది చెవిలో. సంతోషి వెనక్కి తిరిగేలోపే పెద్దమ్మ లోపలికి పోయి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి గొళ్లెం పెట్టింది.