చెయ్యి తగలని ట్రే

మీరు అబద్ధం చెప్పారు, ప్రిన్సిపాలు గారూ. నోరు జారి కాదు. నా కొట్టు ముందు నిలబడి, నా మొహంలోకి చూస్తూ చెప్పారు. కారులో కూర్చున్న మీ అమ్మాయి విని ఊరుకుంది. ఆ అబద్ధానికి ఇవాళ మా చెల్లెలి కడుపులో బిడ్డ బలవుతోంది. ఏడో నెల. నాకు ముసుగులో గుద్దులాట చేతకాదు. మీ ఇంట్లో మీతో అన్నమాటే ఇప్పుడు నలుగురూ వినేట్టు అంటున్నాను.

నేను రేకు పనివాణ్ణి. బకెట్లు, గరాటాలు, డబ్బాలు చేస్తాను. మా చెల్లెలు నాలుగేళ్ళు మీ ఇంట్లో అంట్లు తోమింది, గదులు తుడిచింది. దాని నోటికి మూత పడదు, అందుకే చిన్నప్పట్నుంచీ పిచ్చుక అంటాం. మీరూ అలాగే పిలిచేవారు.

మీ అమ్మాయి నెల తప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళు పిల్లి ఇసుక ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. వారం తిరక్కుండా మీరు ఆ మిషను కొన్నారు. పొడుగాటి పెట్టె. కింద ట్రే, ట్రేలో నీలం గింజలు. పిల్లి తన పని కానిచ్చుకుని దిగిపోయాక, దువ్వెనలాంటి పళ్ళ పట్టీ ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తుంది. పడిందాన్ని తోసుకుపోయి చివరి అరలో పడేస్తుంది. కంపెనీ ఇచ్చే ట్రే అట్టది. మూడు వారాలకోసారి మూత బిగించి మొత్తం పారేసి, కొత్తది పెట్టుకోవాలి. ఎవరి చెయ్యీ లోపలికి పోనక్కర్లేదు. అంత చక్కటి ఏర్పాటు మీకు దండగ అనిపించింది.

"మా అన్నయ్య రేకుతో ఏదైనా చేస్తాడమ్మా" అని పిచ్చుకే మీతో అంది. ఆ మాట అన్నందుకు దాన్ని తిట్టాలా? అన్న పని చూసుకుని మురిసిపోయే చెల్లెలు అది.

పొద్దున్న పదింటికి కొట్టుకొచ్చారు. మీ వెనకాలే పిచ్చుక, చేతుల్లో ప్లాస్టిక్ సంచి చుట్టిన పాత ట్రే. అప్పటికి పిచ్చుకకి నాలుగో నెల. మీ అమ్మాయికీ నాలుగే. ట్రే వాసన పడదని మీ అమ్మాయి కారు దిగలేదు. పిచ్చుకకి మాత్రం ఆ వాసన పడాలి కాబోలు, సంచి గుండెకి హత్తుకుని నిలబడింది.

"ఏమయ్యా, ఇలాంటిది రేకుతో చేస్తావా? ఒకసారి చేస్తే పదేళ్ళుండాలి."

"ఏంటమ్మా ఇది? మిఠాయి పెట్టెలా ఉంది."

"పిల్లి దొడ్డి."

నేను పకపకా నవ్వాను. "మా వీధిలో మనుషులకే వరస కట్టాల్సొస్తోంది, పిల్లికి విడిగా దొడ్డా!"

"నవ్వకు అన్నయ్యా, మా దొరవారి సింహాసనం అది" అంది పిచ్చుక. పిల్లిని అది దొరవారనే అనేది. "ఆయన దిగితే చాలు, దానంతట అదే ఊడ్చుకుంటుంది. నాకున్న బుద్ధి ఆ పెట్టెకి ఉంటే నేనే పెట్టెనయ్యేదాన్ని."

మీరు కూడా నవ్వారు. నాకు బాగా గుర్తు.

అట్ట ట్రేని అటూ ఇటూ తిప్పి కొలిచాను. అప్పుడు మిమ్మల్ని ఒకమాట అడిగాను. మా పనిలో మొట్టమొదట అడిగే మాట అదే. వస్తువు ఎంత పొడుగు, ఎంత లోతు అన్నది ఆ తర్వాతే.

"దీనికి చెయ్యి తగులుతుందామ్మా?"

ఎందుకు అడుగుతామో మీకు తెలీకపోవచ్చు. కోసిన రేకు అంచు కత్తికంటే చెడ్డది. చెయ్యి తగిలేచోట అంచుని వెనక్కి మడుస్తాం. మడవడానికి వీల్లేనిచోట ఆకురాయి పట్టి నున్నగా అరగదీస్తాం. చెయ్యి తగలనిచోట అయితే కోసింది కోసినట్టు వదిలేస్తాం. గొట్టాల లోపల, చూరు పైన ఎవడూ తడమడు కదా. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. ఆయన ఈ కొట్టులో ఎవరి వేలూ తెగనివ్వలేదు.

మీరేమన్నారు?

"చెయ్యెందుకు తగులుతుందయ్యా? అది ఆటోమేటిక్."

"మరి కడిగేది ఎవరమ్మా?"

"ఒకసారి చెబితే అర్థం కాదా? ఆటోమేటిక్ అన్నానా!"

పిచ్చుక కూడా నాకేసి కళ్ళెగరేసి, "దానంతట అదే అన్నయ్యా. నేనసలు దాని దగ్గరికే పోను" అంది. ఆ మాట మీరు విన్నారు. కాదనలేదు.

నేను నమ్మాను. ఇక్కడే నా తప్పుంది, దాచను. ఆటోమేటిక్ అంటే ట్రేని కూడా మిషనే కడుక్కుంటుందనుకున్నాను. బట్టలు ఉతికే మిషను ఉంది, గిన్నెలు తోమే మిషను ఉంది, ఇదీ అంతే అనుకున్నాను. చివరి అర దగ్గర అంచు మడిస్తే పళ్ళ పట్టీ దానికి తగులుకుంటోంది. ఆకురాయి పట్టాలి. రెండు నిమిషాల పని. చెయ్యి తగలదన్నారు కదా అని వదిలేశాను. మిగతా ట్రే అంతా అద్దంలా చేశాను. మూలలకి టంకం పెట్టాను, చుక్క నీరు కారదు. అట్ట ట్రే అడుగున ఒక అయస్కాంతం బిళ్ళ ఉంది, అది లేకపోతే మిషను కుయ్యికుయ్యిమని అరుస్తుంది, దాన్ని ఊడదీసి దీనికి అతికించాను. పిచ్చుక దాన్ని నెత్తిన పెట్టుకుని కిరీటంలా ఉందని నవ్వుకుంటూ తీసుకుపోయింది.

మూడు వారాలకి అర నిండింది. ఆ తర్వాత జరిగింది పిచ్చుక నాకు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని చెప్పింది. కాదంటారేమో వినండి.

"పిచ్చుకా, ఇది పెరట్లో కుళాయి కింద కడిగి ఆరబెట్టు."

"ఆటోమేటిక్ కదమ్మా?"

"మిషను ఆటోమేటిక్. ట్రే కాదు."

"ఇదివరకు పారేసేవాళ్ళం కదమ్మా..."

"అట్టది కాబట్టి పారేశాం. ఇది మీ అన్న చేసింది. పారేస్తే ఊరుకుంటాడా?"

నా పేరు చెప్పి నా చెల్లెలి నోరు మూయించారు. మూడు వారాలు అరలో మగ్గిన పెంట. మీ పిల్లి గోడ దూకి ఎలకల్ని పట్టుకొచ్చే పిల్లి. చేతికి తొడుగు కూడా ఇవ్వలేదు. పెరటి కిటికీలోంచి మీ అమ్మాయి చూసిందట.

"అమ్మా, తనకీ నెలలే కదా?"

"వాళ్ళకేం కాదులే. వాళ్ళ ఒళ్ళు వేరు."

మీ అమ్మాయి కిటికీ తలుపు మూసేసుకుంది. వాసనకి.

అంచు దగ్గర గట్టిపడిందాన్ని పిచ్చుక వేళ్ళతో గీకింది. నా రేకు దాని చూపుడు వేలు కోసింది. నెత్తురు చూసి ఏ ఆడదైనా, ఏ మగాడైనా ఏం చేస్తాడు? వేలు నోట్లో పెట్టుకుంది.

నాలుగుసార్లు కడిగింది. నాలుగుసార్లూ తెగింది. వేళ్ళకి ఆ గుడ్డలేంటే అని నేనడిగితే, "కూరలు తరుగుతుంటే కత్తి జారింది అన్నయ్యా, వదినకి చెప్పకు, పని రాదంటుంది" అని నవ్వేసింది. నేను చేసిన వస్తువు కోసిందని చెబితే నా మనసు నొచ్చుకుంటుందని దాచిందండీ. మొదటిసారే ఒక్కమాట అని ఉంటే ఆకురాయి జేబులో వేసుకుని మీ పెరట్లోకి వచ్చేవాణ్ణి.

పోయిన వారం జ్వరం పట్టుకుంది. మెడ దగ్గర గడ్డలు లేచాయి. దాని మొగుడు వ్యాను తోలడానికి పోయాడు, నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ రక్తం తీయించి, కాగితం చూసి, అడిగింది.

"ఇంట్లో పిల్లి ఉందా?"

"లేదండీ."

"పనిచేసే చోట?"

"ఉంది. కానీ అది ఆటోమేటిక్ అండీ" అన్నాను నేనే. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

పిచ్చుక తల దించుకుంది. దాని నోరు మూత పడటం పుట్టి బుద్ధెరిగాక అదే చూడ్డం. డాక్టరమ్మ దాని చేతులు ముందుకు లాగి గుడ్డలు విప్పింది. చూశాను. కత్తి కోస్తే కోత లోతుకి దిగుతుంది. రేకు కోస్తే చర్మం మీద సన్నగా, తిన్నగా నడుస్తుంది, రెండు పక్కలా నూగు లేస్తుంది. ముప్పై ఏళ్ళుగా నా వేళ్ళ మీద చూస్తున్న గీతలు. ఎవరి కొట్టులో కోసిన రేకో కూడా నేను చెప్పగలను.

పిల్లి పెంటలో ఉండే పురుగు నోట్లోంచి లోపలికి పోయిందని, ఈమధ్యే అంటుకుందని, కడుపులో బిడ్డదాకా పోయి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కళ్ళు దెబ్బతినొచ్చు. తలలో నీరు చేరొచ్చు. ఏమీ కాకపోవచ్చు కూడా, కానీ వెంటనే మందు పడాలి, వారం వారం పరీక్షలు చెయ్యాలి. అవన్నీ కార్మికుల ఆసుపత్రిలో ఉన్నాయి. అక్కడ చేర్చుకోవాలంటే పని వల్ల వచ్చిన జబ్బని పని ఇచ్చినవాళ్ళు ఫారం మీద రాసివ్వాలి.

నిన్న ఆ ఫారం పట్టుకుని మీ ఇంటికొచ్చాను. పెరట్లో నీళ్ళ చప్పుడు. నా ట్రే కుళాయి కింద ఉంది. దాని ముందు వేరే మనిషి, యాభై ఏళ్ళావిడ, గొంతుక్కూర్చుని గీకుతోంది. పిచ్చుకకి జ్వరం తగిలిన మూడో రోజుకే ఆవిడ వచ్చేసింది. పలకరించడానికి ఒక్కరైనా మా గడప తొక్కారా?

"అంచు జాగ్రత్తమ్మా" అన్నాను ఆవిడతో. ఆవిడ కుడిచెయ్యెత్తి చూపించింది. అప్పటికే రెండు గీతలు.

మీరు వరండాలోకి వచ్చారు. ఫారం చదివారు. కళ్ళజోడు తీశారు.

"మా పిల్లికి ఏ రోగమూ లేదు. నెలనెలా చూపిస్తాం."

"రోగం లేకపోతే మీ అమ్మాయిని ఎందుకు ముట్టుకోనివ్వలేదమ్మా?"

"మాటలు పెరుగుతున్నాయి. దాని వేలు కోసింది ఏది? నీ రేకు. సరిగ్గా చెయ్యడం చేతకాక నా మీద పడతావా?"

"నా రేకే కోసింది. ఎవరడిగినా చెబుతాను. అదీ రాయండి. చెయ్యి తగులుతుందా అని నేనడిగాను, తగలదని మీరన్నారు. అదీ రాయండి."

"తగలదనే అన్నాను. తగల్లేదు కూడా. మాలో ఎవరికి తగిలింది?"

ఆ మాట నాకు రాత్రంతా అర్థం కాలేదు. పొద్దున్నే అర్థమైంది. మీరు లెక్క తప్పలేదు. మీ ఇంట్లో ఎన్ని చేతులున్నాయో చూసుకునే చెప్పారు. అంట్లు తోమే చెయ్యి ఆ లెక్కలో చెయ్యి కాదు. అది చీపురు, అది పీచు, అది కుళాయికి అటువైపు ఉండే సామాను. చెల్లెలి చెయ్యి పోనీ, ఇంకొకరి చెయ్యి వస్తుంది. మిషను దానంతట అదే నడుస్తుంది.

అంత మాట అన్నా, నిన్న ఫారం మాత్రం నింపే ఇచ్చారు. అందమైన అక్షరాలు. కవరులో పెట్టి అంటించి ఇచ్చారు. నేను దణ్ణం కూడా పెట్టాను. ఈ పొద్దున ఆసుపత్రి కౌంటరులో గుమాస్తా అది చించి చదివి వెనక్కి తోశాడు.

"ఇది చెల్లదు. పని ఇచ్చినవాళ్ళే రాశారుగా."

పని వివరం అన్నచోట మీరు రాసింది ఇది: పిల్లి పెట్టె ఆటోమేటిక్, చేతి పని ఏమీ లేదు.

పిచ్చుక ఆ ఆసుపత్రి వరండాలోనే బల్ల మీద కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ బిడ్డ కదలిక తగ్గిందంటోంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "తన్నరా, ఒక్కసారి తన్ను" అని బతిమాలుకుంటోంది. గుమాస్తాని నేనూ బతిమాలాను, తిట్టాను. సాయంత్రం ఐదింటికి కౌంటరు మూస్తామన్నాడు. రేపూ ఎల్లుండీ సెలవు.

మీ సానుభూతి నాకొద్దు. పళ్ళ బుట్ట పంపద్దు. పిచ్చుకని మళ్ళీ పన్లోకి తీసుకుంటామని కబురు పెట్టద్దు. కొత్త ఫారం నా జేబులో ఉంది, మీ బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఇప్పుడు మూడున్నర. గది తలుపు తీసి బయటికి రండి. మూడు వారాలకోసారి, నాలుగుసార్లు మా చెల్లెలు ఉత్త చేతులతో మీ పిల్లి ట్రే కడిగిందని, కడగమన్నది మీరేనని, కడుపుతో ఉందని తెలిసే కడగమన్నారని రాయండి. మీ పిల్లలందరూ చూస్తుండగా రాయండి. కింద సంతకం పెట్టండి. పెట్టి, ఇంటికి ఫోన్ చేసి ఆ కుళాయి దగ్గర కూర్చున్న ఆవిణ్ణి లేవమనండి. ఇప్పుడే.