జానెడు పైన కోత

మా అత్తగారి నోటికి జడిసి మామగారే చెవులు వినపడనట్టు నటించేవారు. అలాంటి ఆవిడని రేంజరు ఆఫీసుకు తీసుకెళ్లడమంటే కొరివితో తల గోక్కోవడమే. కానీ వేరే దారి లేదు. చెరువులో జమ్ము కోయకపోతే మా వీధిలో ఒక్క చాపా అల్లలేం. ఆ చెరువేమో పక్షుల రక్షిత ప్రాంతం. ఏటా గూళ్లలో పిల్లలు ఎగిరిపోయాక నెల రోజులు కోతకు అనుమతి ఇచ్చేవారు. ఈసారి ఆపేశారు.

"మీరు ఇష్టమొచ్చినట్టు కోసి తూర్పు గట్టున జమ్మంతా చంపేశారు," అన్నాడు రేంజరు, బల్లమీద ఫొటోలు పరుస్తూ. "ఇక ఎప్పటికీ అనుమతి ఉండదు."

అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ అరవలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"నీళ్ల కింద ఏముందో ఫొటోలో కనబడదు బాబూ. పద, చూపిస్తా."

సంగతి తెలిసి వీధి వీధంతా గట్టు మీదికొచ్చింది. అత్తయ్య నడుము లోతు నీళ్లలోకి దిగి, చచ్చిన మొదలొకటి పెరికి పైకెత్తింది.

"చూడు. నీళ్లకి మూరెడు కింద తెగింది. కోసిన చోట నీళ్లు చేరితే జమ్ముకి ఊపిరాడదు, వేరు కుళ్లిపోతుంది. మేం నీళ్లపైన జానెడు వదిలి కోస్తాం. అదిగో, నిరుడు మేం కోసింది."

అటు చూస్తే మనిషెత్తు పచ్చటి జమ్ము. అందులో రెండు గూళ్లు కూడా ఉన్నాయి.

"మరి ఇదెవరు కోశారు?" అన్నాడు రేంజరు.

గట్టుకి ఆనించిన సందర్శకుల పడవలోంచి, దాన్ని నడిపేవాడు నసిగాడు. "పడవ తిరగడానికి చోటు చాలట్లేదని మీరే మిషను పెట్టించారు కదండీ. పడవకి మొదళ్లు తగలకుండా బ్లేడు బాగా కిందికి దించమన్నారు."

రేంజరు చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు అత్తయ్య నోరు పేలుతుందిరా బాబోయ్ అనుకున్నాను.

"తెలియక చేశావ్‌లే. నీకు నేర్పినవాళ్లెవరు గనక?" అంది అత్తయ్య.

తొమ్మిదేళ్ల కాపురంలో ఆవిడ కోడలినని నేను అంత గర్వపడింది ఆరోజే.

"ఇకమీదట మిషను ఎక్కడ, ఎంత లోతు దించాలో మీరే చెప్పాలి," అన్నాడు రేంజరు, గొంతు తగ్గించి.

"చెబుతా. ముందు కాగితం."

అతను పడవ అంచున కాగితం ఆనించి అనుమతి రాశాడు. సంతకం పూర్తయ్యేలోపే మా వీధి సగం నీళ్లలో ఉంది.