నిప్పు లేని చెయ్యి

“నీ చేతిలో నిప్పు లేదే, జెయ్నెష్!”

పదకొండు చలికాలాలుగా నాకు తెల్లవారడం ఈ మాటతోనే. పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఊదీ ఊదీ బుగ్గలు నొప్పెట్టి కళ్లు తుడుచుకుంటూ ఉంటే, పరుపు మీంచి మా అత్తమ్మ గొంతు వినిపిస్తుంది. లోపల భూర్జ చెట్టు కట్టెలు బుస్సుమంటూ, కోసిన చివర్లలోంచి నురగ కక్కుతుంటాయి. అవి మండవు, ఉడుకుతాయి. గదంతా పొగ. మా ఆయన ఒరాల్‌ఖాన్ ముసుగు తియ్యకుండానే, “పొయ్యి వెలిగించడం కూడా రాదు, ఏం ఆడదానివే!” అంటాడు. ఇల్లు వెచ్చబడడానికి గంటన్నర పడుతుంది. వెచ్చబడ్డాకే అందరూ లేస్తారు. మా ఆల్తాయ్ కొండల్లో ఆ గంటన్నర చలి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

చేతిలో నిప్పు లేనిదన్న ఈ పేరు నాకు కాపురానికొచ్చిన రోజే పడింది. కొత్త కోడలు గడప దాటగానే పొయ్యికి దణ్ణం పెట్టి, గరిటెడు కరిగిన వెన్న నిప్పులో పోయాలి. మంట భగ్గుమంటే అత్త ఆ సెగకి అరచేతులు కాచుకుని కోడలి బుగ్గలు తడుముతుంది. నేను పోస్తే మంట లేవలేదు. వెన్న పచ్చి కట్టెల మీద చిటపటలాడి, కమురు పొగై చుట్టాలందర్నీ వాకిట్లోకి తరిమింది. “పొమ్మనలేక పొగబెట్టిందర్రా కొత్తపిల్ల!” అని ఒక ముసలమ్మ దగ్గుతూనే అంటే అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. చల్లటి చేతులతోనే నా బుగ్గలు తడిమింది. అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు. నిజంగానే నా చేతిలో ఏదో లోపం ఉందనుకున్నాను. పాలు విరిగినా, గొర్రెపిల్ల చచ్చిపుట్టినా నా చేతుల్నే చూసుకునేదాన్ని.

బడి వంటగదిలో పనికి కుదిరాక తెలిసింది. అక్కడ ఇదే చేతికి ఒక్క అగ్గిపుల్లతో పొయ్యి అంటుకునేది. ఎందుకంటే ఆ బడి కాపలాదారు వచ్చే ఏటి కట్టెలు ఈ ఏడే చీల్చి పేరుస్తాడు. మా ఇంట్లోనో! ఎండాకాలం ముందు చెట్లు కొట్టుకొచ్చి, దుంగల్ని దుంగల్లాగే కొట్టం వెనక పారేస్తారు. తర్వాత గడ్డికోతలు, తర్వాత పెళ్లిళ్లు. మంచు పడే రోజున గొడ్డలి గుర్తొస్తుంది. భూర్జ బెరడు తడిని బయటికి పోనివ్వదు. చీల్చకపోతే లోపలి తడి లోపలే ఉండి కుళ్లుతుంది గాని ఆరదు. ఒకసారి మా ఆయనతో, “ముందే చీల్చి ఆరబెడితే మండుతాయండీ” అన్నాను. “అడవికి నువ్వెళ్తున్నావా, నేనెళ్తున్నానా? ఆడలేక మద్దెల ఓడందంట!” అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కిందటి వేసవిలో మా మరిది దిదార్‌కి పెళ్లి కుదిరింది. పిల్ల అక్మరాల్, పంతొమ్మిదేళ్లు. ఆ సంగతి వినగానే నాకు ముందు గుర్తొచ్చింది వెన్న గరిటే. నాకు పడ్డ పేరే ఆ పిల్లకీ పడుతుందని భయమేసింది. అందరూ గడ్డికోతకి కొండెక్కిన రోజుల్లో, పాలు పితికి, వంట చేసి పంపి, గొడ్డలి పట్టాను. నాలుగు దుంగలు చీల్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. చీల్చిన ముక్కల్ని కొట్టం అటక మీద గాలాడేలా పేర్చి, దొంగసొత్తులా గోనెల చాటున దాచాను.

పెళ్లినాటికి అవి బాగా ఆరాయి. పొద్దున్నే నేనే వాటితో పొయ్యి నింపాను. అక్మరాల్ వెన్న పోసిందో లేదో, మంట పొయ్యి దాటి బయటికొచ్చింది. ఆడవాళ్లంతా “నిప్పుతల్లీ, మమ్మల్ని కాచుకో!” అంటూ కేకలేశారు. అత్తమ్మ మురిసిపోయి, వెచ్చటి చేతులతో పిల్ల బుగ్గలు తడుముతూ, అంతమందిలో నా వైపు తిరిగింది.

“చూశావా జెయ్నెష్! చెయ్యంటే ఇదీ!”

నాకు కడుపు మండింది. ఉన్నమాట దాచడం దేనికి? కట్టెలు నావి, బొబ్బలు నావి, మెప్పు మాత్రం ఆ పిల్లకి. నిజం నోటిదాకా వచ్చింది. ఇంతలో అక్మరాల్ మొహం చూశాను. ఆ చేతుల వెచ్చదనంలో కళ్లు మూసుకుని నవ్వుతోంది. మాట మింగేశాను.

కొత్త కోడలొస్తే పొద్దుటి పొయ్యి తనదే. నాలుగో రోజుకి నా కట్టెలు అయిపోయాయి, అటక మీద ఒక్క ముక్క తప్ప. ఐదో రోజు పొద్దున పొగకి లేచి వెళ్లాను. పిల్ల పొయ్యి ముందు కూర్చుని తన అరచేతుల్నే తిప్పి తిప్పి చూసుకుంటోంది.

“అక్కా, నా చేతికేమైందో...”

పరుపు మీంచి అత్తమ్మ అందుకుంది. “మొన్న భగ్గుమన్న చెయ్యేగా! పెద్దకోడలి గాలి సోకింది, ఇంకేముంది!”

ఇంక మింగలేకపోయాను. కొట్టంలోకెళ్లి ఆ ఎండు ముక్క తెచ్చాను. పొయ్యి పక్కనుంచి అంతే ఉన్న తడి ముక్క తీసి, రెండూ అత్తమ్మ ఒళ్లో పెట్టాను.

“ఎత్తి చూడండి అత్తమ్మా. రెండూ ఒక్క చెట్టువే. పెళ్లినాడు మండింది నేను చీల్చి ఆరబెట్టిన కట్టె. ఈ పిల్ల చేతిలో మహిమా లేదు, నా చేతిలో పాపమూ లేదు.”

ఆమె ఒకటి ఎత్తింది. రెండోది ఎత్తబోయి బరువుకి దించేసింది. తడైన చెయ్యి దుప్పటికి తుడుచుకుంది.

“నేను కాపురానికొచ్చిన రోజు మా అత్త చేతులు కూడా చల్లగానే ఉన్నాయే” అంది చివరికి. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చిన్నపిల్ల గొంతుతో.

నేను అక్మరాల్‌ని లేవదీశాను. అగ్గిపెట్టె తీసుకెళ్లి మా ఆయన దిండు పక్కన పెట్టాను.

“ఇవాళ్టినుంచి కట్టెలు తెచ్చినవాళ్లే పొయ్యి వెలిగిస్తారు.”

అతను వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె మమ్మల్నిద్దర్నీ తన దుప్పట్లోకి రమ్మని జరిగి చోటిచ్చింది. మా ఆయన గొణుక్కుంటూ లేచి, పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక పుల్ల, రెండో పుల్ల, ఏడో పుల్ల. ఊదాడు, దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు. కట్టెలు బుస్సుమంటూ నురగ కక్కాయి. అప్పుడు నా పక్కనుంచి అత్తమ్మ, రోజూ పిలిచే ఆ గొంతుతోనే అంది.

“ఏరా ఒరాల్‌ఖాన్, నీ చేతిలో నిప్పు లేదేంట్రా!”