వాయిదాకి కట్టిన ఖరీదు

మా వదినని వీధిలో అందరూ దారం పిన్ని అంటారు. పుస్తకాలు బైండింగు చేసే మనిషి కదా, మైనం రాసిన దారం చుట్ట ఒకటి ఎప్పుడూ ఆవిడ మెడలో వేలాడుతూ ఉంటుంది. నేను ఆవిడ ఆడపడుచుని. ఆవిడ మా ఇంట్లో అడుగుపెట్టిన మూడో నెల నుంచీ ఇద్దరం ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పనిచేస్తున్నాం. నేను పేజీలు కుడతాను, ఆవిడ అట్టలు వేస్తుంది. మధ్యమధ్యలో పోట్లాడుకుంటాం. అది లేకపోతే ఇద్దరికీ నిద్రొస్తుంది.

మా షాపు పక్క స్థలంలో ఒక కాంట్రాక్టరు ఐదంతస్తుల భవనం మొదలుపెట్టాడు. పునాదులు తవ్వుతూ అతని మనుషులు నీళ్ళు పోయే గొట్టం పగలగొట్టారు. బాగుచేయడానికి బద్ధకించి ఆ నీళ్ళని మా గోడవైపు మళ్ళించి వెళ్ళిపోయారు. రెండు రోజుల సెలవు తర్వాత మేం వచ్చి షట్టరు ఎత్తితే లోపల చీలమండ దాకా నీళ్ళు. కాలేజీ లైబ్రరీ వాళ్ళు బైండింగుకిచ్చిన పుస్తకాల్లో నూట పది కింద వరసలోనే ఉన్నాయి. ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి, ఏది ఏ పుస్తకమో తెలియకుండా అయ్యాయి. కొత్త అట్టల కట్టలు నాని ముద్దయ్యాయి.

వదిన ఏడవలేదు. నన్నూ ఏడవనివ్వలేదు. పేజీకీ పేజీకీ మధ్య పాత న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి పదకొండు రోజులు ఆరబెట్టాం. అరవై ఏడు దక్కాయి. దక్కని వాటికి లైబ్రరీకి తనే డబ్బు కట్టేసింది. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళి నష్టం సంగతి అడిగింది. అతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "కోర్టుకి వెళ్ళండమ్మా" అన్నాడు.

వెళ్ళింది.

మా అన్నయ్య ప్రింటింగు ప్రెస్సులో పేపరు కటింగు మిషను మీద పనిచేస్తాడు. ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్పే రకం. "పెద్దవాళ్ళతో మనకెందుకే" అని వారం రోజులు నస పెట్టాడు. వదిన విని విని, "మీరు అన్నం తినండి" అంది.

కేసు మొదట్లోనే మాకు ఎదురుదెబ్బ తగిలింది. రెండో వాయిదా నాడు అన్నయ్యకి జ్వరం నెత్తికెక్కి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. మేం కోర్టుకి వెళ్ళలేకపోయాం. కేసు కొట్టేశారు. మా ప్లీడరమ్మ మళ్ళీ అర్జీ పెడితే జడ్జిగారు కేసు తిరిగి తీసుకున్నారు గానీ, అవతలివాళ్ళని ఊరికే తిప్పినందుకు ఖర్చుల కింద రెండు వేలు కట్టమన్నారు.

రెండు వేలంటే మాకు అప్పుడు అట్టల మీద వేసే గుడ్డ కొనడానికి దాచుకున్న సొమ్ము. వదిన నన్ను కోర్టు వరండాలో కూర్చోబెట్టి షాపుకి వెళ్ళింది. మధ్యాహ్నం కోర్టు మళ్ళీ మొదలయ్యేలోగా డబ్బుతో వచ్చింది. అవతలి ప్లీడరు, "నెల టైముందమ్మా, ఈ ఖర్చులు ఎవరూ ఇంత తొందరగా కట్టరు" అని నవ్వాడు.

"ఎవరూ కట్టరని కోర్టు కాయితంలో రాశారా?" అని అడిగి, రసీదు రాయించుకుని, దాన్ని ఫైల్లో పెట్టించింది. ఆ నెల పాత గుడ్డ ముక్కలే అతికించి పని నడిపాం.

తర్వాత వాయిదాలు అడగడం కాంట్రాక్టరు వంతయింది. ఒకసారి ఊళ్ళో లేనన్నాడు. ఒకసారి కాయితాలు దొరకలేదన్నాడు. ఇంకోసారి సాక్షికి తీరిక లేదన్నాడు. నాలుగోసారి ఏ కారణమూ చెప్పలేదు. వాయిదా ఇచ్చిన ప్రతిసారీ జడ్జిగారు మాకు ఖర్చులు ఇమ్మన్నారు. ఐదు వందలు, వెయ్యి, రెండు వేలు, చివరికి ఐదు వేలు. అతను ఒక్కటీ కట్టలేదు. ఒకరోజు కోర్టు మెట్ల దగ్గర మేం వింటుండగానే తన ప్లీడరుతో, "ఆ డబ్బుతో ఆవిడేం చేస్తుంది, ఇంకో డజను సూదులు కొంటుందా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వదిన మాత్రం చెప్పులు వేసుకుని నడిచింది. ఇంటికొచ్చాక అన్నయ్య, "పోనీలే, అసలు కేసు చూసుకో. ఈ చిల్లర కోసం ఎందుకు పట్టుదల?" అన్నాడు.

"నేను షాపు మూసుకుని ఆ బెంచీ మీద కూర్చున్న పూటలకి జడ్జిగారు కట్టిన ఖరీదండీ అది" అంది వదిన. "నేను వద్దనుకుంటే ఆ పూటలకి విలువ లేదని నేనే ఒప్పుకున్నట్టు."

మర్నాడు వదిన ప్లీడరమ్మకి ఫోను చేసింది. ఖర్చులు కట్టేదాకా అతని వాదన వినకూడదని ప్లీడరమ్మ అర్జీ వేసింది. కోర్టు అతనికి రెండుసార్లు గడువిచ్చింది. రెండు గడువులూ దాటిపోయాయి.

ఆ తర్వాతి వాయిదాకి కాంట్రాక్టరు మొదటిసారి సాక్ష్యానికి సిద్ధమై ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. వెంట ఒక ఇంజనీరుని తెచ్చుకున్నాడు. గొట్టం అంతకుముందే పాడైపోయిందని ఆ ఇంజనీరు సాక్ష్యం చెప్పాలి. చేతిలో లావుపాటి ఫైలు.

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఖర్చులు కట్టారా?" అని అడిగారు.

"మరిచిపోయామండి. ఇప్పుడే ఇచ్చేస్తాం. పెద్ద మొత్తమేం కాదు" అన్నాడు అతని ప్లీడరు.

"చిన్న మొత్తమైతే ఇన్నాళ్ళెందుకు పట్టింది?"

కాంట్రాక్టరు అప్పటికే జేబులోంచి పర్సు తీశాడు, టీ కొట్టు దగ్గర నిలబడ్డట్టు. జడ్జిగారు వదినవైపు తిరిగి, "ఇప్పుడు తీసుకోవడానికి మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగారు. సరేనంటే ఇంజనీరు బోను ఎక్కుతాడు. ప్లీడరమ్మ లేచేలోపే వదిన లేచి నిలబడింది. ఆవిడ చేతివేళ్ళకి ఎండిన జిగురు అలాగే ఉంది.

"అయ్యా, నా మీద రెండు వేలు వేసినప్పుడు మా ఇంట్లో మనిషి ఆస్పత్రి నుంచి వచ్చి వారం కాలేదు. ఆ రోజే కట్టాను. రసీదు మీ ఫైల్లోనే ఉంటుంది. కోర్టు చెప్పింది కాబట్టి కట్టాను. ఆయనకీ అదే కోర్టు చెప్పింది. డబ్బు ఎప్పుడిచ్చినా తీసుకుంటాను. గడువు దాటినా ఫరవాలేదని మాత్రం నా నోటితో చెప్పలేను."

జడ్జిగారు ఫైలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళారు. రసీదు దగ్గర ఆగి దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత నిదానంగా, గడువులోగా ఖర్చులు కట్టనందుకు ప్రతివాది తన వాదన వినిపించే హక్కు పోగొట్టుకున్నాడని రాయించారు. ఇంజనీరు ఫైలు చంకలో పెట్టుకుని, ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక తలుపుకే పెట్టి వెళ్ళిపోయాడు.

మేం చూపించిన తడి పుస్తకాలూ ఫోటోలూ లైబ్రరీ ఉత్తరాలూ పరిశీలించి రెండు నెలలకి తీర్పిచ్చారు. మొత్తం నష్టం, దావా ఖర్చులు, పాత వాయిదాల ఖర్చులు, అన్నీ ఇవ్వాలని. కాంట్రాక్టరు దానికీ కదల్లేదు. అప్పుడు జప్తు వారంటు వచ్చింది.

జప్తు చేయడానికొచ్చిన కోర్టు అమీనా బక్కపలచని మనిషి, చాలా మర్యాదస్థుడు. ఆయన వెంట మేమిద్దరం కాంట్రాక్టరు ఆఫీసుకి వెళ్ళాం. అద్దాల గది, మధ్యలో అట్టతో చేసిన భవనం నమూనా. ఫ్లాటు కొనడానికొచ్చిన భార్యాభర్తలు సోఫాలో కూర్చుని ఉన్నారు. "సారు ఊళ్ళో లేరు" అన్నాడు మేనేజరు. "వారి సామాను ఉంటే చాలు బాబూ" అని అమీనా పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టాడు. సోఫా ఒకటి. ఏసీలు రెండు. టీవీ ఒకటి. సోఫా మీది భార్యాభర్తలు గబుక్కున లేచి నిలబడ్డారు.

ఊళ్ళో లేని సారు లోపలి గదిలోంచి బయటికి వచ్చారు.

ముఖం జేవురించి ఉంది. "ఇంత చిన్నదానికి ఇంత గొడవా?" అన్నాడు. అమీనా వడ్డీతో సహా లెక్క చెప్పాడు. అతను బీరువా తెరిపించి మొత్తం కట్టాడు. వదిన తొందరపడకుండా నోట్లన్నీ లెక్కపెట్టి, రసీదు మీద గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.

మేం బయటికొస్తుంటే ఆ కొనడానికొచ్చినావిడ వెనకాలే వచ్చింది. "అమ్మా, ఇతను కట్టే ఇళ్ళు ఎలా ఉంటాయండీ?" అని అడిగింది. నా నాలుక దురదపెట్టింది. ఎన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయో నాకే తెలుసు.

వదిన ఒక్క క్షణం ఆలోచించి, "గోడలు గట్టిగానే కడతాడమ్మా. నీళ్ళు ఎటు పోతాయో మాత్రం రాతపూర్వకంగా అడగండి" అంది.

వీధి మలుపు తిరిగాక, "అంతేనా?" అన్నాను ఉక్రోషంగా.

"నేను చూసింది అంతే కదా" అంది. నాకు ఎందుకో ఆవిడ పక్కన నడవడమే పెద్ద గౌరవంలా అనిపించింది. ఆ మాట ఆవిడతో అంటే నెత్తికెక్కి కూర్చుంటుందని అనలేదు.

ఇప్పుడు మా అన్నయ్యని పట్టుకోలేకపోతున్నాం. ప్రెస్సులో, టీ దగ్గర, బస్సులో, ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతున్నాడు. మొన్న ఇంటికొచ్చిన స్నేహితుడితో, "మా ఆవిడ లేచి నిలబడేసరికి కోర్టంతా నిశ్శబ్దం. పది వాయిదాలు ఎగ్గొట్టాడు వాడు, పది" అంటున్నాడు.

లోపల బల్ల దగ్గర జిగురు కలుపుతున్న వదిన తల ఎత్తకుండానే, "నాలుగు" అంది.

"నాలుగే అనుకో" అని సర్దుకుని, అన్నయ్య కుర్చీ ముందుకి లాక్కుని మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.