అరవై రెండు శ్రీలు

నా భర్త గండయ్య పోయాక చేపల సంఘం సభ్యత్వం నా పేరు మీదికి మారింది. సభ్యుల జాబితా ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా శామీర్‌పేటలోని మత్స్యశాఖ ఆఫీసుకు ఇవ్వాలి. అందులో పేరు లేకపోతే ఈ ఏడు చెరువులో వల వేయనివ్వరు. మూడు గంటలకు సంఘం కార్యదర్శి భిక్షం ఇంటికి పోయి చూస్తే, అచ్చువేసిన కాగితంలో నా పేరు లేదు.

"గట్లెట్ల పోతది వదినె?" అన్నాడు భిక్షం, నా మొహం చూడకుండా.

అతని కూతురు సృజనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు పనిలాగే సంఘం జాబితాను కూడా గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది. ఎవరు ఏది మార్చినా పాతదీ కొత్తదీ రెండూ అందులో ఉంటాయి.

"ఆగు పెద్దమ్మా, దొంగను పడత," అని ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టింది. నల్లటి తెర మీద కూడిక, తీసివేత గుర్తులతో అక్షరాలు గబగబా పైకి పోయాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"గిట్ల గాదు," అని తేడాలు చూపే వేరే సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఎడమవైపు పోయిన వారం జాబితా, కుడివైపు ఇవాళ్టిది. మారిన వరుస ఎర్రబడుతుందట. తెర మొత్తం ఎర్రబడింది.

"మిరపకాయలు ఆరబోసినట్టున్నది గదనే!" అన్నాను.

"బాపూ, అందరి పేర్లు మార్చినవా?"

"మార్చలే బిడ్డా. ముంగట శ్రీ పెట్టిన. ఆఫీసుకు పోయే కాగితం, ఇజ్జత్ ఉండాలె గద."

అరవై రెండు మందికీ శ్రీ. సృజన వాటన్నిటినీ ఒక్కసారే తీసేసింది. ఎరుపంతా పోయింది, ఒక్క వరుస తప్ప. ఎడమవైపు ఈదమ్మ అని నా పేరు, దానికి ఎదురుగా ఖాళీ.

"దొరికినవ్ బాపూ!"

భిక్షం తల గోక్కున్నాడు. "అందరు మగోళ్లాయె, శ్రీ పెట్టిన. వదినె కాడికొచ్చేసరికి పరేషానైన. అన్న లేడు. శ్రీమతి అని పెడితే ఊరోళ్లు ఏమంటరో, పెట్టకుంటే వదినె ఏమంటదో! అడిగి రాద్దామని తీసిన, మర్చిపోయిన."

"మర్యాద ఎక్కువై మనిషినే తీసేసినవా? నేను వల ఏసేది పేరుతోని, శ్రీతోని గాదు."

సృజన నా పేరు చేర్చింది. చివరి ఎరుపూ పోయింది. ఆమె అచ్చు వేయబోతే భిక్షం ప్రింటరుకు అడ్డం నిలబడ్డాడు.

"సంఘం అధ్యక్షునికైన శ్రీ ఉంచు బిడ్డా. లేకుంటే నన్ను చెరువుల పడేస్తడు."

"నీకు ఈతొస్తది గద," అన్నాను. "జరుగు, ఆఫీసు బంద్ జేస్తరు."

జాబితా అచ్చేసుకుని పోయి, నాలుగుకు పది నిమిషాలుండగా ఆఫీసులో ఇచ్చాం. గుమస్తా ముద్ర కొట్టాడు. మెట్లు దిగుతూ భిక్షం మెల్లగా అన్నాడు, "శ్రీ పోయిన సంగతి అధ్యక్షునికి నువ్వే చెప్పరాదా వదినె?"

"చెప్త. సభ్యురాలినే గద, మీటింగుల లేసి చెప్త."