కారుకి గాలి మార్పు

లెక్కల మాస్టారు కాగితం మీద భాగహారం చేసి తీర్పు చెప్పేశాడు.

"లీటరుకి పదకొండు కిలోమీటర్లే! ఇది కారు కాదు, తాగుబోతు. ఆదివారానికి పద్నాలుగు దాటకపోతే అమ్మేస్తా. కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, తన పాత బండి వదిలించుకుని ఇది తీసుకుంటాడట."

భార్య కుడుతున్న యూనిఫాం పక్కన పడేసింది. ఆమె దర్జీ. ఊరవతల పెద్దాసుపత్రి నర్సులకి యూనిఫాంలు కుట్టే పని ఈమధ్యే దొరికింది. వారం వారం మూటలు చేరవేయాలి. కారు పోతే ఆ పనీ పోయినట్టే. వెంటనే మెకానిక్ షెడ్డు నడిపే పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని ఎత్తలేదు. ఆవిడ తిరిగి చేసినప్పుడు మాస్టారు ఎత్తి, కారు తాగుడు గురించి ఏకరువు పెట్టాడు.

"మీ పిన్ని చెప్పింది, కారుకి గాలి మార్పు కావాలిట! మనకే దిక్కులేదు, దానికి విహారయాత్రా?"

ఆమె ఒక్క క్షణం తెల్లమొహం వేసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. పిన్ని మార్చమన్నది ఇంజనుకి గాలి వడకట్టే ఎయిర్ ఫిల్టరుని! తల పండిన పెద్దమనిషికి ఆమాత్రం తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళింది. పిన్ని బానెట్ ఎత్తి, నల్ల పెట్టె క్లిప్పులు ఊడదీయించింది, అదీ ఆమె చేతే. లోపల ఫిల్టరు మడతలు అచ్చం ఫ్రాకు కుచ్చిళ్ళలా ఉన్నాయి. వాటి నిండా దుమ్ము, దారప్పోగులు.

"కారుని నీ కుట్టుగది కిటికీ కింద పెడుతున్నావు కదూ? పాపం, ఊపిరాడక చస్తోందే!"

కొత్త ఫిల్టరు కూడా ఆమె తనే బిగించింది. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు అంచున అంటించి ఉంటుందని తెలిసి ఎగిరి గంతేసింది. చొక్కా కాలరుకి సైజు చీటీ ఉన్నట్టే! ఐదేళ్ళుగా అదే తలుపు తీసి వేస్తోంది, ఒక్కసారీ చదవలేదు. ఆ అంకె ప్రకారం నాలుగు టైర్లకీ గాలి కొట్టించింది. ఇంటికొచ్చి డిక్కీ తెరిస్తే ఎన్నేళ్ళవో పాత పరీక్ష పేపర్లు, ఆరు కట్టలు. ఆ బరువు ఎవరిదో చెప్పక్కర్లేదు. కిక్కురుమనకుండా దింపేసింది.

ఆదివారం ట్యాంకు నింపి అరవై కిలోమీటర్లు తిరిగొచ్చారు. మళ్ళీ అదే బంకు, అదే పంపు.

"నాలుగుంపావు లీటర్లు దాటిందా, కారు గోవిందా," అన్నాడు మాస్టారు.

అంకెలు పరిగెత్తాయి. రెండు. మూడు. మూడున్నర. ఆమె సీటు బెల్టు పట్టుకుని, అంకెల వెంటే మనసులో భాగహారం మొదలుపెట్టింది. మూడుంముప్పావు దగ్గర పంపు టక్కున ఆగిపోయింది.

"పదహారు!" మాస్టారి కంటే ముందే భాగహారం చేసి అరిచింది. ఆనందం పట్టలేక స్టీరింగు మీద దరువేసింది. మాస్టారు మూడుసార్లు లెక్క సరిచూసుకున్నాడు. అదే జవాబు.

అప్పుడే కొనేవాడి ఫోన్ వచ్చింది. మాస్టారు ఎత్తి, "అదేమిటంటే..." అని సాగదీశాడు. ఆమె ఫోన్ లాక్కుంది.

"కారు అమ్మడం లేదండీ. అవునూ, మీ పాత బండి ఎందుకు వదిలించుకుంటున్నారు? పెట్రోలు తాగేస్తోందా? ఆగండాగండి, దానికి గాలి మార్పు ఎప్పుడు చేయించారు?"